గళ్ళలోని మాట, గ్రంథములోని మాట

భోజనమునకుఁ గూర్చున్న యజమానుఁడు “సైంధవము తెమ్ము” అన్నచో సేవకుఁడు ఉప్పు తేవలెను. ప్రయాణమునకు సిద్ధుఁడై వాకిట నిలిచి యామాటయే యన్నచో గుఱ్ఱమును తేవలెను. సంస్కృతము చదివినవారు తఱచుగా వినిన యుదాహరణ మిది. మాట యొక్కటియే, అర్థమును నిర్ణయించునది సందర్భము. అమరసింహుఁడు నానార్థవర్గమున హరిశబ్దమునకు విష్ణువు, ఇంద్రుఁడు, సూర్యుఁడు, చంద్రుఁడు, సింహము, గుఱ్ఱము, కోతి, చిలుక, పాము, కప్ప మొదలుగాఁ బెక్కర్థములు చెప్పెను. శంఖచక్రములు ధరించిన హరి యన్నప్పుడు కప్పను దలఁచువాఁ డెవ్వఁడును లేఁడు గదా!

ఈ నానార్థత్వమునే యాటగాఁ జేసికొనినది గళ్ళ నుడికట్టు. 1913 డిసెంబరు 21వ తేదీన ‘న్యూయార్కు వరల్డు’ పత్రికలో ఆర్థర్ విన్ అను నతఁడు వజ్రాకారముగా నమర్చిన గళ్ళలో నిట్టిదానిని ప్రకటించెను. అతని జన్మస్థానము ఇంగ్లండులోని లివర్‌పూలు. 1930 ఫిబ్రవరి 1వ తేదీ నుండి లండనులోని ‘టైమ్సు’ పత్రికయు దీనికి చోటిచ్చెను. తొలుత ఆధారములు నిఘంటువులో నుండునట్టి సూటియైన యర్థములు. ఆంగ్లేయుల చేతిలోఁ బడిన పిదప నవి చమత్కారములయ్యెను.

ఒక్క యుదాహరణ చాలును. ఆంగ్లమున ‘ఫ్లవర్’ అనఁగా పువ్వని బాలురకును దెలియును. కాని ప్రవహించుటకు ‘ఫ్లో’ యని పేరు. దానికిఁ గర్త్రర్థకప్రత్యయము చేర్చినచో అవే యక్షరములు ‘ప్రవహించునది’, అనఁగా నది, యగును. ఉచ్చారణము వేఱు, వ్రాఁత యొక్కటే. ఆధారములో ‘ఫ్లవర్’ అని చూచినవాఁడు మల్లెలను, గులాబులను వెదకుచుండఁగా గళ్ళలో థేమ్సునది దాఁగియుండును. మనస్సునకు మొదటఁ దోఁచిన యర్థమే నిజమైన యర్థమని నమ్ముట మన యలవాటు. కూర్పరి బలమంతయు నా యలవాటుననే యున్నది.

అయినను ఈ మోసమునకును ధర్మ మున్నది. 1939లో ‘అబ్జర్వరు’ పత్రికకు నుడికట్టులు కూర్ప నారంభించిన డెరిక్ మాక్‌నట్ అనునతఁడు మావంటి బడిపంతులే. గ్రీకు, లాటిను భాషలు బోధించువాఁడు. ‘జిమెనీజ్’ అను మాఱుపేరుతో వ్రాయుచు, 1966లో నీ కళను గూర్చి గ్రంథమును ప్రకటించెను. ఆధారము చదువరిని త్రోవ తప్పింపవచ్చును గాని, వ్యాకరణమును తప్పరాదనియు, అందు నిష్ప్రయోజనమైన మాట యుండరాదనియు నతని మతము. అంతకంటెను గొప్ప కాపుదల గళ్ళలోనే యున్నది. అడ్డముగా వ్రాసిన మాటను నిలువుగా వచ్చు మాటలు పరీక్షించును. ఎంత చక్కని యూహయైనను, ప్రక్కమాటల యక్షరములతోఁ గలియకున్నచోఁ దుడిచివేయవలసినదే.

ఆటలో నియమము తప్పినచో నష్టము ఒక యుదయపు వినోదము. గ్రంథములోఁ దప్పినచో నెవరి బ్రదుకు నష్టమగునో మన దేశచరిత్రమే చెప్పుచున్నది.

పరాశరస్మృతిలో ఒక శ్లోకము కలదు. పతి జాడ తెలియకపోయినను, మరణించినను, సన్యసించినను, నపుంసకుఁడైనను, పతితుఁడైనను స్త్రీకి వేఱొక పతి విహితుఁడని దాని తాత్పర్యము. 1855లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుఁడు దీనిని ప్రమాణముగాఁ జూపి వితంతువివాహము శాస్త్రసమ్మతమని వాదించెను. పూర్వాచారపరులైన పండితులు శ్లోకమును కాదనలేక ‘పతౌ’ అను నొక్క మాటను పట్టుకొనిరి. పాణిని ననుసరించి పతిశబ్దము ఒంటరిగా నున్నపుడు సప్తమ్యేకవచనము ‘పత్యౌ’; సమాసమునందే ‘పతౌ’. కావున నిది ‘అపతౌ’ అను సమాసమనియు, ముందుమాట యేకారాంతమగుటచే సంధిలో నకారము లోపించినదనియు, అపతి యనఁగా పెండ్లి నిశ్చయమై యింకను జరుగని వరుఁడనియు వ్యాఖ్యానించిరి. ఒక్క యక్షరముతో పెండ్లియైన వితంతు వాశ్లోకము నుండి వెలికిఁ బోయెను!

చమత్కార మని యొప్పుకొనవలసినదే. ‘ఫ్లవరు’ను నదిగా మార్చు విద్య యిదియే. కాని ప్రక్కమాటలతో సరిపోవునా? ఋషుల గ్రంథములలో పాణినీయమునకు లొంగని ఆర్షప్రయోగము లున్నవి. మొదటివాఁడు పతియే కానిచో ‘వేఱొక పతి’ యనుట యేల? ఆ వెంటనే వచ్చు శ్లోకములు భర్త మరణించిన పిదప బ్రహ్మచర్యమున నుండు స్త్రీని, సహగమనము చేయు స్త్రీని స్తుతించుచున్నవి. కావున ప్రకరణము పెండ్లియైన స్త్రీని గూర్చినదే. భర్తృహీనకు పరాశరుఁడు మూఁడు మార్గములు చెప్పెనని విద్యాసాగరుఁడు వాదించినది యిందువలననే. 1856లో చట్టము వచ్చెను. వీరేశలింగము పంతులుగారు 1879లో నుపన్యాసములు మొదలుపెట్టి, 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించిరి. చట్టమునకును ఆ పెండ్లిపందిటికిని నడుమ 25 ఏండ్లు గడచెను. ఆ కాలమున తల గొఱిగించుకొని వంటయింటి మూల బ్రదుకు వెళ్ళఁబుచ్చిన బాలికలలో, తమ గతి పతిశబ్దపు విభక్తిరూపముపైఁ గూడ నాధారపడియున్నదని యెఱిఁగినవా రెందఱు?

నేఁటి యిండ్లలోను ఆఁడుపిల్ల చదువును గూర్చియో, పెండ్లిని గూర్చియో శాస్త్రమునుండి యొక మాట యెత్తి చూపి వాదము ముగించుట కద్దు. అట్టి వేళ మన చదువరులు కోపింప నక్కఱలేదు, లొంగను వలదు. “దీనికి ముందు శ్లోకమును, వెనుక శ్లోకమును గూడఁ జదివి వినిపింపుఁడు” అని యడిగినఁ జాలును. ఆ పిల్లయే యడుగఁగలిగినచో మఱియు మేలు.