ఇంటిలో వృత్తి – పొరుగింటి ఊపిరి

మా భవానీపురం వీధులలో సాయంకాలం నడచినప్పుడు ఇంటింటా ఒక జీవనోపాధి కనిపిస్తుంది. ఒక ఇంట కుట్టుమిషను, మరొక ఇంట అప్పడాల తయారీ, వేరొక ఇంటి ముందుగదిలో కారం మర. మొదటి రెండింటితో ఎవరికీ చిక్కు లేదు. మూడవదాని ఘాటుకు పక్కింటి ఉబ్బసం రోగి తలుపులు బిగించుకుంటాడు. ఇంటిలో ఏ వృత్తి తగును, ఏది తగదు అన్న ప్రశ్నకు మూడు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉన్నది.

ఇటలీలోని మోడెనా నగర వైద్యుడు బెర్నార్డినో రమజ్జినీ 1700లో వృత్తివ్యాధులపై ఒక గ్రంథం ప్రకటించాడు. ఫినాలే అనే ఊరిలో జరిగిన వ్యాజ్యమొకటి ఆయన అందులో వివరించాడు. పాదరస లవణం తయారుచేసే కార్ఖానా పొగ చుట్టుపక్కలవారి ప్రాణాలు తీస్తున్నదనీ, దానిని ఊరి వెలుపలికి తరలించాలనీ ఒక పౌరుడు దావా వేశాడు. వైద్యుని ధ్రువపత్రాన్నీ, ఆ పేటలో మరణాలు ఎక్కువని తెలిపే చర్చి పట్టికనూ సమర్పించాడు. అయినప్పటికీ యజమానే గెలిచాడు. సాక్ష్యం ఉన్నది గాని, దానికి అండగా నిలిచే నియమం లేదు.

అటువంటి నియమాన్ని ఫ్రాన్సు 1810లో చేసింది. వృత్తిశాలలను మూడు తరగతులుగా విభజించింది: నివాసాలకు దూరంగా ఉండవలసినవి, పొరుగువారికి హాని లేదని తేలిన పిమ్మటనే అనుమతించదగినవి, పర్యవేక్షణతో ఇళ్ల నడుమ ఉండదగినవి.

1888లో పురపాలక సంఘమైన బెజవాడకు ఇదే ఆలోచన మద్రాసు రాజధాని చట్టాల ద్వారా చేరింది. 1920 నాటి జిల్లా పురపాలక చట్టం, ప్రాణానికీ ఆరోగ్యానికీ ముప్పు తెచ్చే వృత్తుల పట్టికను చేర్చి, వాటికి లైసెన్సు తప్పనిసరి చేసింది. అదే ఏట పట్టణ ప్రణాళికా చట్టమూ, 1939లో ప్రజారోగ్య చట్టమూ వచ్చాయి. తరువాతి కాలంలో మోటారు మరమ్మతు షెడ్లకు నగరం అంచున ప్రత్యేకంగా ఆటోనగర్ వెలసింది. వృత్తిని నిషేధించకుండా దానికి తగిన చోటు చూపడం ఇందులోని వివేకం.

నేనూ చాలాకాలం ఇంటి ముందుగదిలోనే రోగులను చూశాను. కనుక ఇంటి వృత్తిని నిరసించే అర్హత నాకు లేదు. మన గోడ దాటి పొరుగింటికి ఏది పోతున్నది – పొగయా, ధూళియా, చప్పుడా, మురుగునీరా – అని మాత్రం ప్రతి గృహస్థుడూ ఆలోచించాలి. మర బిగించక మునుపే నగరపాలక కార్యాలయంలో అనుమతి సంగతి విచారించండి. దానికంటె ముందు పక్కింటివారిని ఒక మాట అడగండి. ఫినాలే పౌరునికి దొరకని న్యాయం మన వీధిలో ఆ ఒక్క మాటతోనే దొరకవచ్చును.