యంత్రం పలికే మాట, మనిషి ఇచ్చిన గొంతు

ఆరోగ్య సూచనలు, వార్తలు, పురాణ కథలు నేడు సెల్‌ఫోను ద్వారా పల్లెపల్లెకూ చేరుతున్నాయి. మా బండి ఆత్మకూరు ప్రాంతంలోనూ చదువు రాని పెద్దలకు చాలా విషయాలు చెవి ద్వారానే అందుతున్నాయి. ఆ గొంతులలో అనేకం ఇప్పుడు మనుషులవి కావు, కంప్యూటరు పుట్టించినవి. 2023లో ఒక తెలుగు వార్తా ఛానలు ‘మాయ’ అనే కృత్రిమ వ్యాఖ్యాతను తెరపైకి తెచ్చింది. మరి వ్యాఖ్యానం చదివి జీవించే కళాకారుల గతి ఏమిటి? వినేవారికి కలిగే మేలు ఎంత, కీడు ఎంత? ఈ ప్రశ్నలకు సమాధానం కొంతవరకు చరిత్రలోనే లభిస్తుంది.

రేనాటి గొంతుకలు

కథకు గొంతే ప్రాణమని మన సీమవారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆంగ్లేయులు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీశారు. కుంపిణీ దొరల కాగితాలలో ఆయన తిరుగుబాటుదారు. రేనాటి జానపద గాయకుల నోట మాత్రం వీరుడు. ఆ గాథ నేటికీ నిలిచి ఉన్నదంటే తరతరాల పాటగాళ్ల గొంతులే అందుకు కారణం.

తరువాత రేడియో వచ్చింది. 1948 డిసెంబరు 1న విజయవాడలోను, 1963లో కడపలోను ఆకాశవాణి కేంద్రాలు మొదలయ్యాయి. వార్తలు చదివేవారి ముఖం ఎరుగకపోయినా గొంతు విని పేరు చెప్పగలిగిన కాలమది. ఢిల్లీ నుండి తెలుగు వార్తలు చదివిన కొంగర జగ్గయ్య గారు సినీరంగంలో ‘కంచు కంఠం’గా ప్రసిద్ధికెక్కారు. తెలుగులోకి అనువదించిన చిత్రాలలో శివాజీ గణేశన్‌కు గొంతునిచ్చినదీ ఆయనే. ఘంటసాల గారు 1974లో కన్నుమూశారు. ఆయన భగవద్గీత రికార్డులో శ్లోకం పాడినదీ, తాత్పర్యం చెప్పినదీ ఆయనే. ఊళ్లలో ఆ స్వరం నేటికీ వినబడుతూనే ఉంది.

కొలిమితిత్తి నుండి కంప్యూటరు వరకు

ఊపిరితిత్తుల నుండి వచ్చే గాలి స్వరతంత్రులను కంపింపజేస్తుంది. ఆ కంపనాలు పురుషులలో సెకనుకు సుమారు 100 నుండి 120, స్త్రీలలో సుమారు 200 ఉంటాయి. నాలుక, పెదవులు, అంగిలి, ముక్కు కలిసి ఆ ధ్వనిని అక్షరాలుగా మలుస్తాయి. ఈ నిర్మాణాన్ని అనుకరించి మాట్లాడే యంత్రం చేసినవాడు వోల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్. ఆ విధానాన్ని ఆయన 1791లో గ్రంథంగా ప్రకటించాడు. అందులో ఊపిరితిత్తులకు బదులు తిత్తి, స్వరతంత్రులకు బదులు సన్నని రేకు అమర్చాడు. 1854లో మాన్యుయెల్ గార్సియా అనే సంగీత గురువు చిన్న అద్దం సాయంతో తన స్వరతంత్రులను తానే చూసుకున్నాడు. 1873లో వియన్నాలో బిల్‌రోత్ క్యాన్సరు సోకిన స్వరపేటికను పూర్తిగా తొలగించినప్పుడు, ఆ రోగి కోసం ఆయన శిష్యుడు గుస్సెన్‌బావర్ కృత్రిమ స్వరపేటికను తయారు చేశాడు. గొంతు కోల్పోయినవారికి మాట తిరిగి ఇవ్వడం వైద్యుల చిరకాల వాంఛ. నేటి కృత్రిమ స్వరం చేసిన ఘనమైన మేలు కూడా ఆ దారిలోనిదే.

1985లో స్టీఫెన్ హాకింగ్‌కు శ్వాసనాళానికి రంధ్రం చేసే శస్త్రచికిత్స జరిగింది. ఉన్న కాస్త మాటా పోయింది. తరువాత ఆయన కంప్యూటరు ద్వారా పలికిన స్వరానికి ఆధారం డెన్నిస్ క్లాట్ అనే శాస్త్రవేత్త సొంత గొంతు. క్లాట్ 1988లో థైరాయిడ్ క్యాన్సరుతో మరణించారు. ఆయన స్వరం హాకింగ్ నోట 2018 వరకు లోకానికి వినిపించింది. క్లాట్ తెలిసి చేసిన దానమది.

అందరి విషయంలో అలా జరగలేదు. అమెరికాలో సుసాన్ బెన్నెట్ అనే వ్యాఖ్యాత 2005లో ఒక సంస్థ కోసం కొన్ని వారాలపాటు వాక్యాలు చదివారు. 2011లో ఐఫోనులో ‘సిరి’ పలికినప్పుడు గాని, అది తన గొంతేనని ఆమెకు తెలియలేదు. అప్పట్లో చదివిన మాటలను ముక్కలుగా కోసి అతికేవారు. 2016లో వచ్చిన ‘వేవ్‌నెట్’ పద్ధతి తరువాత, రికార్డులు విని గొంతు పోకడలను నేర్చుకుని కొత్త మాటలు పలకడం యంత్రానికి సాధ్యమైంది. పద్ధతి మారినా, యంత్రం నేర్చుకున్నది మనుషుల గొంతుల నుండే.

బాలు గారి స్వరం

ఈ వివాదం తెలుగు గడపకూ వచ్చింది. కమల్ హాసన్‌కు తెలుగులో గొంతునిచ్చిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు 2020 సెప్టెంబరు 25న పరమపదించారు. 2023లో విడుదలైన ‘కీడా కోలా’ చిత్రంలో తమ అనుమతి లేకుండా ఆయన స్వరాన్ని కృత్రిమంగా సృష్టించి వాడారంటూ, 2024లో కుటుంబసభ్యులు న్యాయవాది ద్వారా నోటీసు పంపారు. అదే ఏడాది తమిళ చిత్రం ‘లాల్ సలాం’ కోసం మరణించిన ఇద్దరు గాయకుల స్వరాలను ఎ.ఆర్. రెహమాన్ యంత్రంతో పలికించారు. అయితే కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికం చెల్లించామని ఆయన ప్రకటించారు. రెండు చోట్లా వాడినది ఒకే తరహా విద్య. తేడా అంతా అడగడంలో, అడగకపోవడంలో ఉంది.

వైద్యునిగా నా అభిప్రాయం

యంత్రస్వరాన్ని నేను తిరస్కరించను. చూపు లేనివారికి ఫోనులోని అక్షరాలను చదివి వినిపించేది అదే. కండరాలు క్రమంగా క్షీణించే వ్యాధి సోకినవారు, మాట పోకముందే తమ గొంతును భద్రపరచుకునే వీలు నేడు ఉంది.

కాని ప్రాణంతో ముడిపడిన మాటను మనిషి వినకుండా, సరిచూడకుండా యంత్రానికి వదలరాదు. మందుల చీటీలో 1-0-1 అంటే ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. దానిని యంత్రం ‘నూట ఒకటి’ అని చదివితే వినేవారికి ఏమి అర్థమవుతుంది? ‘వాడండి’, ‘వాడకండి’ అనే మాటలకు ఒక్క అక్షరమే భేదం. ఆ అక్షరం దగ్గర ఆగి, నొక్కి చెప్పాలని అనుభవమున్న చదువరికి తెలుసు. ఎదుట కూర్చున్న అవ్వకు అర్థం కాలేదని ఆమె ముఖం చూసి గ్రహించి, మళ్లీ చెప్పేది మనిషే.

కనుక గొంతు ఎవరిదో వారిని అడగాలి, తగిన ప్రతిఫలం ఇవ్వాలి, వినిపిస్తున్నది యంత్రమైతే ఆ సంగతి ముందే చెప్పాలి. గొంతే జీవనాధారమైన వ్యాఖ్యాతలు, ఉపాధ్యాయులు, హరికథకులు, బుర్రకథకులు తగినంత నీరు త్రాగాలి, పొగాకు మానాలి, గొంతు అలసినప్పుడు అరవకుండా విశ్రాంతి ఇవ్వాలి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఆలస్యం చేయక చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించుకోవాలి. స్వరపేటిక క్యాన్సరును తొలిదశలో గుర్తిస్తే, చాలామందిలో ప్రాణంతోపాటు గొంతును కూడా కాపాడవచ్చు.