పరార్థవాక్కు: దివాను వెంకన్న వృత్తాంతం

తుంగభద్రమ్మ మంత్రాలయం దాటి, సి.బెళగల్ సీమ తీరాన్ని ఒరుసుకొంటూ కర్నూలు వైపు సాగుతుంది. నేటి మంత్రాలయం ఒకప్పుడు మంచాల అనే చిన్న గ్రామం. అది శ్రీ రాఘవేంద్రస్వాముల క్షేత్రమైన వృత్తాంతంలో, ఒకరి పక్షాన మరొకరు పలకడమనే ధర్మం ఎంత సూక్ష్మమైనదో సాధకులకు గోచరిస్తుంది.

పదిహేడవ శతాబ్దంలో ఆదోని దుర్గం బిజాపురు సుల్తానుల ప్రతినిధి సిద్ది మసూద్ ఖాన్ అధీనంలో ఉండేది. వెంకన్న తల్లిదండ్రులు లేని, అక్షరజ్ఞానం లేని పశువుల కాపరి. ఆపదలో తమను స్మరించమని స్వాములు అతనిని అనుగ్రహించారని సంప్రదాయం చెబుతుంది. ఒకనాడు ఆ ప్రభువు దారిలో వెంకన్నను పిలిచి, తనకు వచ్చిన లేఖను చదవమని ఆజ్ఞాపించాడు. వెంకన్న గురువును స్మరించి చదివాడు. అందులోని శుభవార్త విని ప్రభువు ప్రసన్నుడయ్యాడు. వెంకన్న కాలక్రమంలో దివానైనాడు. ప్రభువు ఎదుట అతడు పలికిన తొలి పలుకు తన సొంతం కాదు, లేఖ పంపినవారిది.

అసలు పరీక్ష తరువాత వచ్చింది. స్వాములు మంచాల గ్రామాన్ని కోరారు. అది అప్పటికే ఒక ఖాజీకి ఈనాముగా ఉన్నందున, అంతకంటె సారవంతమైన మరొక గ్రామం ఇస్తామన్నాడు ప్రభువు. బీడువంటి మంచాలపై గురువుకింత పట్టుదల ఏలనో వెంకన్నకూ బోధపడలేదు. మంచి భూమి ఇప్పించి గురువుకు మేలు చేశానని తృప్తిపడటం అతనికి సులభం. అయినా కోరినవారి కోరికనే నిలిపాడు. చివరకు మంచాలయే దక్కింది. అది ప్రహ్లాదుడు యజ్ఞం చేసిన స్థలమని స్వాములు అతనికి వివరించారట. 1671 శ్రావణ బహుళ విదియనాడు స్వాములు అక్కడే బృందావన ప్రవేశం చేశారు.

కిష్కింధాకాండలో హనుమ కూడా ఇట్టి వాక్కుకే ఆదర్శం. భిక్షురూపంలో వచ్చినా, తాను ఎవరో, ఎవరు పంపగా వచ్చాడో రామునికి దాచలేదు. సుగ్రీవుని స్నేహేచ్ఛను విన్నవించాడు. వేదజ్ఞానం లేనివాడు ఇలా మాట్లాడలేడని శ్రీరాముడు లక్ష్మణునితో ప్రశంసించాడు. గీత పదునేడవ అధ్యాయం సత్యమూ ప్రియమూ హితమూ అయిన వాక్కును తపస్సుగా గణించింది. పరుల పక్షాన మాట్లాడేటప్పుడు ఆ హితం ఏదో నిర్ణయించే అధికారం మొదట వారిదే.

నేటికీ ఈ సీమలో ఎన్నో కుటుంబాలు సుగ్గికి వలసపోతాయి. ఊరిలో మిగిలిన చదువరి వారి తరఫున అర్జీ రాస్తాడు, కచేరీలో విన్నవిస్తాడు. వారు అడిగినదానికి తన అభిప్రాయం చేర్చాలనో, తన గౌరవం పెంచుకోవాలనో అతని మనసు ప్రేరేపించవచ్చు. ఆ క్షణాన వెంకన్నను తలచుకుంటే చాలు. వారి నోటిమాటను చెక్కుచెదరకుండా చేర్చడమే అతని తపస్సు.