అసలు, నకలు, మబ్బు: మన కాగితాలు దాటొచ్చిన దారి



తెనాలిలో రిజిస్ట్రారాఫీసుకు వెళ్ళినా, కోర్టు మెట్లెక్కినా తెలుగువాడి నోట ఆడేవి సగం మన మాటలే. దస్తావేజు, అసలు, నకలు, రసీదు, జమ, బాకీ, హక్కు, దాఖలా, తహసీల్దారు, జమాబందీ. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసిన నాకు ఇవి రెండిళ్ళకూ చుట్టాలు. గుంటూరు సీమను ముర్తజానగర్ సర్కార్ అని పిలిచిన రోజుల్లో ఫార్సీ దఫ్తర్లలోంచి దిగిన మాటలివి. 1788లో ఈ సర్కారు నిజాం చేతిలోంచి ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. హుకూమత్ మారింది కానీ మాటలు మారలేదు. అమృతలూరు మాగాణికి నేటికీ రెవెన్యూ లెక్క ఫసలీలోనే. 2025 జూలైలో మొదలైనది 1435 ఫసలీ.

వీటిలో రెండు మాటలు పట్టుకుని ఈసారి చరిత్ర చెబుతాను: అసలు, నకలు. మన పిల్లలు ‘క్లౌడ్’ అంటున్నారే, ఫోన్లో ఫొటోలు, సర్టిఫికెట్లు, వాట్సాప్ కబుర్లు పోయి చేరే ఆ మబ్బు, దాని సంగతంతా ఈ రెండు మాటల్లోనే ఉంది. అసలు ఎక్కడుంది? నకలు ఎక్కడుంది? ఎవరి చేతిలో ఉంది?

ఊరి కవిలె, మద్రాసు నకలు

కరణాల ఇళ్ళలో దండకవిలెలు ఉండేవి. ఊరి పుట్టుక, గుడి మాన్యం, మసీదు ఇనాం, చెరువు, పన్ను, పాలించినవాళ్ళు అన్నీ వాటిలో ఉండేవి. 19వ శతాబ్దం మొదట్లో కల్నల్ కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి వాటినుంచి రాయించుకున్నారు. వాటికి పడ్డ పేరు ‘కైఫీయత్తులు’. ఇదీ మన మాటే. తర్వాత సి.పి. బ్రౌన్ ఆ కాగితాలు శిథిలమవుతున్నాయని మళ్ళీ నకళ్ళు రాయించాడు. ఊళ్ళలోని అసలు కవిలెలను చాలావరకు చెదలు, వాన, నిర్లక్ష్యం తినేశాయి. మద్రాసు చేరిన నకళ్ళు బతికాయి. గుంటూరు జిల్లా ఊళ్ళ చరిత్ర రాసేవాళ్ళు ఇవాళ తెరిచేది వాటినే.

ఇందులో ఫాయిదా ఉంది, నుక్సాన్ ఉంది. నకలు దూరంగా ఉండబట్టి బతికింది. కానీ ఊరి చరిత్ర ఊరి చేతిలోంచి జారింది. తన ఊరి సంగతి తెలుసుకోవాలంటే ఊరివాడే మద్రాసు వెళ్ళి ఇజాజత్ అడగాల్సి వచ్చింది. మబ్బు కథ కూడా ఇంతే.

తర్వాత ఇనాం కమిషన్ వచ్చింది. 1858లో మొదలై ఇనాముల్ని విచారించి, నిలిచినవాటికి టైటిల్ డీడ్లు ఇచ్చింది. మసీదు, దర్గా, ఆషుర్‌ఖానా మాన్యాలకు చాలాచోట్ల ఆ కాగితమే నేటికీ పునాది. దాని అసలు ముతవల్లీ ఇంట్లో సందూకులో, దాఖలా సర్కారు రిజిస్టరులో. 1908 రిజిస్ట్రేషన్ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ మన దస్తావేజును పెద్ద పుస్తకాల్లోకి చేత్తో ఎక్కించుకునేవాడు. ఖాజీ సాహెబ్ నికాహ్‌నామా రాస్తే పెళ్ళికొడుకు వైపు ఒకటి, పెళ్ళికూతురు వైపు ఒకటి, తన రిజిస్టరులో ఒకటి. చదువురాని నానీలకు కూడా తెలిసిన సూత్రమిది: ఒక్కచోటే ఉన్న కాగితం లేనట్టే.

హిఫాజత్ మనకు కొత్త కాదు

సూరా బఖరాలో 282వ ఆయత్ ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైనది. అది చెప్పేది అప్పు సంగతి. రాసుకోండి, గవాహీ పెట్టుకోండి అని. రాత విలువ అంత.

యమామా యుద్ధంలో చాలామంది హాఫిజ్‌లు షహీద్ అయినప్పుడు, హజ్రత్ ఉమర్ (రజి.) సలహాతో ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి.) ఖుర్ఆన్ రాతప్రతుల్ని ఒకచోట కూర్చే జిమ్మేదారీని హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి.)కు అప్పగించారు. ఆ ప్రతి చివరికి హజ్రత్ హఫ్సా (రజి.) దగ్గర అమానత్‌గా ఉంది. హజ్రత్ ఉస్మాన్ (రజి.) దానినుంచి ప్రతులు రాయించి వేర్వేరు ప్రాంతాలకు పంపారు, హజ్రత్ హఫ్సా (రజి.) ప్రతిని తిరిగి ఆమెకే ఇచ్చేశారు. కలామే పాక్‌ను మన ఫోన్ ఫొటోలతో పోల్చడం లేదు, మఆజల్లాహ్. అమానత్ అడబ్ ఏమిటో చూడమంటున్నాను: గుండెలో ఒకటి, రాతలో ఒకటి, దూరాన మరొకటి. తీసుకున్నది యజమానికి తిరిగి ఇవ్వడం.

నీళ్ళు చెప్పిన పాఠం

అమృతలూరుకు సముద్రం దూరం కాదు. 1977 నవంబర్ 19 ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది, పదివేల మందికి పైగా పోయారు. మనుషులే పోయినచోట కాగితాల లెక్క ఎవరడిగారు? కానీ మిగిలినవాళ్ళు తర్వాత ఏళ్ళ తరబడి తిరిగింది కాగితాల కోసమే. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు విజయవాడ మొహల్లాల్ని ముంచింది. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు వస్తే కొల్లూరు, రేపల్లె వైపు లంకలు మునిగాయి. బీరువా ఎంత గట్టిదైనా నీళ్ళకు తాళంచెవి అక్కర్లేదు.

మబ్బు ఎక్కడ పుట్టింది

కరెంటు, నీళ్ళలాగే ఒకరోజు కంప్యూటర్ శక్తిని కూడా వాడినంతకు డబ్బు కట్టి తీసుకుంటామని 1961లోనే అమెరికన్ శాస్త్రవేత్త జాన్ మెకార్థీ చెప్పాడు. 1996లో మన సబీర్ భాటియా, జాక్ స్మిత్‌తో కలిసి హాట్‌మెయిల్ పెట్టాడు. ఉత్తరం మన కంప్యూటర్లో కాక కంపెనీ దగ్గరే ఉండి, ఏ ఊరి నెట్ సెంటర్లోనైనా తెరుచుకోవడం జనానికి అప్పుడే అలవాటైంది. 2004లో జీమెయిల్ ఒక జీబీ చోటు ఇస్తే లోకం ఆశ్చర్యపోయింది. 2006లో అమెజాన్ తన గోదాముల్లాంటి కంప్యూటర్లను కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టింది. మబ్బు అంటే ఇంతే భాయ్: ఇంకొకరి కంప్యూటర్లో కిరాయి గది. ఆకాశంలో ఏమీ లేదు. నేలమీద పెద్ద షెడ్లు, లక్షల యంత్రాలు, వాటిని నడపడానికి కరెంటు, చల్లబరచడానికి నీళ్ళు. అలాంటి కేంద్రం విశాఖలో కడతామని, ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబర్‌లో గూగుల్ ప్రకటించింది.

మన రాష్ట్రంలో సర్కారు కాగితం యంత్రంలోకి ఎక్కడం 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల కంప్యూటరీకరణతో మొదలైంది. 2011లో మీసేవ వచ్చింది. ఢిల్లీ సర్కారు 2014లో ‘మేఘరాజ్’ పేరుతో సొంత మబ్బు పెట్టుకుంది. 2015లో డిజిలాకర్ వచ్చింది. అందులో జారీ అయిన పత్రం అసలుతో సమానమని 2017లో నియమం చేశారు. 2025 జనవరి నుంచి ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లోనే సర్టిఫికెట్లు అడగొచ్చు. ఒక కాగితం కోసం పని మానుకుని, బస్సు చార్జీ పెట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగిన మన అబ్బాల కాలంతో పోలిస్తే ఇది రహ్మత్.

ఉమీద్ నేర్పింది

2025 జూన్ 6న కేంద్రం ‘ఉమీద్’ పోర్టల్ తెరిచింది. దేశంలోని వక్ఫ్ ఆస్తుల వివరాలు ఆరు నెలల్లో అందులో ఎక్కించాలన్నారు. పాత లెక్కలో ఆస్తులు 8.72 లక్షలు. డిసెంబర్ 6కు గడువు ముగిసేసరికి నమోదు మొదలైనవి సుమారు 5.17 లక్షలు, ఆమోదం పొందినవి 2.16 లక్షలు. గడువు పొడిగించడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, ట్రిబ్యునల్‌కు వెళ్ళమంది. వక్ఫ్ సవరణ చట్టం మీద మన అభిప్రాయాలు వేరే చర్చ. నేను అడిగేది చిన్న సవాల్: మీ ఊరి మసీదుకు, ఖబరస్తాన్‌కు ఉన్న కాగితం ఎవరి సందూకులో ఉంది? దాని నకలు ఎన్ని చోట్ల ఉంది?

గడువు ముంచుకొచ్చాక ఇనాం టైటిల్ డీడ్ వెతకడం మొదలుపెడితే, మూడు తరాల కింద చనిపోయిన ముతవల్లీ మనవళ్ళ ఇళ్ళు తట్టాలి. మబ్బు మనల్ని దాచిపెట్టుకోమని పిలిచింది కానీ మన దగ్గర పెట్టడానికి అసలే లేకపోతే ఎవరేం చేస్తారు?

ఫాయిదా సరే, నుక్సాన్?

కిరాయిదారుకు మాలిక్ చెప్పే షరతులే షరతులు. ఆర్కుట్‌లో మన కుర్రాళ్ళు దోస్తీలు కట్టుకున్నారు, 2014లో తలుపు మూశారు. గూగుల్ ఫొటోస్‌లో చోటు అపరిమితం అన్నారు, 2021 జూన్ నుంచి 15 జీబీ దగ్గర ఆపారు. ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్‌ను కూడా 2024 నుంచి ఆ లెక్కలోనే కలిపారు. రెండేళ్ళు తెరవని ఖాతాను తీసేసే హక్కు కంపెనీ తన దగ్గరే ఉంచుకుంది.

మబ్బుకు నిప్పు కూడా అంటుకుంటుంది. 2025 సెప్టెంబర్‌లో దక్షిణ కొరియాలో సర్కారు డేటా కేంద్రం కాలితే ఉద్యోగుల 858 టెరాబైట్ల ఫైళ్ళు పోయాయి. వాటికి రెండో నకలు లేదు. అంత పెద్ద దేశం మన నానీ సూత్రం మరిచింది.

ఇక పర్దా. ఇంటి ఆడవాళ్ళ ఫొటోలు ఆల్బంలో పెట్టి బీరువాలో దాచిన ఖాందాన్లు, ఇవాళ తెలియకుండానే అవన్నీ మబ్బుకు పంపుతున్నాయి. ఫోన్ కొన్న రోజే ఆటోమేటిక్ బ్యాకప్ ఆన్ అయి ఉండొచ్చు, చూసుకోండి. వాట్సాప్ బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ తాళం 2021 నుంచి ఉంది, కానీ దాన్ని మనమే వేసుకోవాలి. ఆ పాస్‌వర్డ్ పోతే బ్యాకప్ కూడా పోయినట్టే.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది మీరాస్. మనిషి పోతే పొలం, ఇల్లు, బంగారం షరీఅత్ ప్రకారం పంచుకుంటాం. బాకీలెవరికున్నాయో, ఆడబిడ్డకు రాసిచ్చిన కాగితమెక్కడుందో అతని ఫోన్లో ఉంటే? ఫోన్‌కు అతని వేలిముద్ర తాళం. మునుపు సందూకు తాళం పగలగొట్టేవాళ్ళం, ఈ తాళం పగలదు. చెల్లెలి హిస్సా ఒక పాస్‌వర్డ్ వెనక ఇరుక్కోవడం చిన్న నుక్సాన్ కాదు. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అనే ఏర్పాటుంది. ఖాతా ఇంతకాలం వాడకపోతే ఫలానా మనిషికి అందించమని బతికుండగానే చెప్పి పెట్టొచ్చు. 2023 డేటా రక్షణ చట్టం కూడా నామినీని పెట్టుకునే హక్కును రాసింది.

నా మాట ఇది. అసలు దస్తావేజు ఇంట్లో, నీళ్ళందని ఎత్తులో, ప్లాస్టిక్ కవర్లో. ఒక నకలు మబ్బులో, సర్కారు పత్రాలైతే డిజిలాకర్‌లో. ఇంకో నకలు పెన్‌డ్రైవ్‌లో, వేరే ఊళ్ళో ఉన్న కూతురింట్లోనో తమ్ముడింట్లోనో. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, ఖాతాకు రెండంచెల తాళం వేయండి. పాస్‌వర్డ్‌లు ఒక కాగితం మీద రాసి, వసీయత్‌తో పాటు సీలు వేసి నమ్మకమైన చేతికివ్వండి. మసీదు కమిటీలున్నవాళ్ళు ఈ జుమా తర్వాత పది నిమిషాలు కూర్చుని, ఊరి వక్ఫ్ కాగితాలు స్కాన్ చేయించే పని ఇంటర్ చదివే ఒక కుర్రాడికో అమ్మాయికో అప్పజెప్పండి. వాళ్ళ చేతికి అది అరగంట పని. మన తర్వాతి తరానికి అది హక్కు.