మేజువాణి మేళము

నూరేండ్ల క్రిందటి గోదావరి మండలములలో సంపన్నుల యింటి పెండ్లికి మేజువాణి యొక గౌరవచిహ్నము. పందిటిలో తివాచి మీద కలావంతురాలు కూర్చుండి, క్షేత్రయ్య పదమును తానే పాడుచు, ఒకే పాదమును పలుమారులు త్రిప్పి, ప్రతిమారును ముఖముననో హస్తముననో క్రొత్త భావము చూపుచుండెడిది. ఆమె వెనుక మృదంగము, తాళములు. పూర్వపు మేళములలోనైనచో ముఖవీణయు, శ్రుతికి తిత్తియు నుండెడివి. పేరు వీణయే గాని ముఖవీణకు తంత్రులు లేవు. అది నాగస్వరమునకు చెల్లెలివంటి పొట్టి ఊదువాద్యము. నాగస్వరము వీధికిని ఊరేగింపునకును తగిన గొంతు. ముఖవీణ పాడు స్త్రీ కంఠమును మ్రింగివేయక వెంట నడచును. తిత్తి తోలుసంచి, గాలి నింపి చంక నొత్తినచో తెగని ఆధారశ్రుతి పలుకును.

ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. తీరాంధ్ర శాసనములలో దేవాలయములకు తామే దానములు చేసిన గుడిసానులు కానవచ్చుచున్నారు. సొంత ధనమును సొంత పేరిట నీయగల స్త్రీలు నాడు మరి యెందరుండిరో చదువరులే యోచింతురు గాక. 17వ శతాబ్దమునాటి క్షేత్రయ్య పదములను మనదాక తెచ్చినవి చాలవరకు ఇట్టివారి కంఠములే.

కాని యా విద్యకు చెల్లించిన వెల దారుణమైనది. ఊహ తెలియని బాలికను దేవునికి సమర్పించి, వివాహమార్గము మూసి, ధనికుల దయకు విడుచుటయే ఆ వెల. 1874లో వివేకవర్ధనిని స్థాపించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఈ యాచారమును తీవ్రముగా ఖండించిరి. 1893లో మద్రాసు సంస్కర్తలు, ఇట్టి కచ్చేరీలకు పోవలదని రాజప్రతినిధికిని గవర్నరునకును విన్నపము పంపగా, దొరలు అంగీకరింపలేదు. కలావంతుల యింట పుట్టిన యామినీ పూర్ణతిలకమ్మగారే యీ పోరాటమునకు నడుము కట్టిరి. తుదకు 1947 నాటి మద్రాసు చట్టము సమర్పణమును నిషేధించెను. బోగము, కలావంతుల, సాని అను కులనామములతోపాటు మేళమను మన మాటయు నా చట్టములోని కెక్కినది.

పంతులుగారి పక్షమే న్యాయమని నాకు సందేహము లేదు. వాద్యముల నష్టమంతయు సంస్కర్తలపై మోపుటయు తగదు. ముఖవీణ స్థానమును క్లారినెట్టును, తిత్తి స్థానమును హార్మోనియమును అంతకుముందే ఆక్రమింప మొదలిడినవి. నా బాధ వేరు. సంకెలను విరుగగొట్టునపుడు చేతిలోని విద్య యేమగునని మనవారు తగినంత విచారింపలేదు. పెండ్లికి మేళము వలదంటిమి, మంచిదే. ఆ పాట నేర్చినవారిని మన బాలికల పాఠశాలలకు ఉపాధ్యాయినులుగా పిలిచితిమా? అదే పదమును గృహిణి సభలో పాడినప్పుడు మాత్రము శాస్త్రీయ సంగీతమని కరతాళములు చేసితిమి.

పశ్చిమ గోదావరిలోని బల్లిపాడు మదనగోపాలస్వామిని సేవించిన సరిదె మాణిక్యమ్మగారు అధ్యాత్మరామాయణ కీర్తనల అభినయమున ప్రసిద్ధురాలు. నటరాజ రామకృష్ణ, ఆరుద్రగార్లవంటివారు ఆమె విద్యను లోకమునకు చూపునాటికి ఆమె వయస్సు మీరినది. ఇతర గ్రామములలోని వృద్ధుల నెవరు వెదకిరి? 2012లో ప్రకటితమైన దవేశ్ సోనేజీగారి గ్రంథమున, ఈ డెల్టాలోని ముదుసలి కలావంతులు రాత్రివేళ వీధితలుపులు మూసికొని, తమ పదములను తమలో తామే పాడి అభినయించుకొనుట వర్ణింపబడి యున్నది.