గ్యాస్ డిటెక్టర్ రిలేలు: దోషాలు, తప్పుడు అలారాలు

కర్మాగారంలోనో ప్రయోగశాలలోనో వాయువు లీకైనప్పుడు సైరన్ మోగించేది, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిప్పేది, వాల్వు మూసేది రిలే. సెన్సర్ వాయువును పసిగడుతుంది, ప్యానెల్ లెక్క కడుతుంది, అసలు పని రిలే కాంటాక్టు చేస్తుంది. అనవసరంగా మోగే సైరన్‌కూ, అవసరానికి మోగని సైరన్‌కూ కారణం తరచు ఒకే చోట దొరుకుతుంది.

హైదరాబాదులో సీతాఫల్‌మండి, తార్నాక పరిసరాల్లో ఈ వ్యవస్థ ప్రయోగశాలల్లోనూ, కర్మాగారాల్లోనూ కనిపిస్తుంది. ఉస్మానియా ప్రాంగణంలో కెమికల్ ఇంజనీరింగ్ చెప్పే టెక్నాలజీ కళాశాల ఉంది. తార్నాకలో 1944లో మొదలై, 1956లో సీఎస్ఐఆర్ కిందికి వచ్చి, 1989 నుంచి ఐఐసీటీ పేరుతో నడుస్తున్న పరిశోధన సంస్థ ఉంది. అక్కడికి దగ్గర్లోనే నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామిక వాడలు. ప్రయోగశాలల్లో ఎక్కువగా ఎదురయ్యే సమస్య ఒక వాయువును మరొకటిగా చూపడం. కార్బన్ మోనాక్సైడ్‌ను కొలిచే ఎలక్ట్రోకెమికల్ సెల్ హైడ్రోజన్‌కూ స్పందిస్తుంది, స్పిరిట్‌తో బల్ల తుడిచినా కదలవచ్చు. ఇది సెన్సర్ స్వభావమే, రిలే మార్చినంత మాత్రాన పోదు.

అందుకే వెతుకులాట కరెంటు దగ్గర మొదలుపెట్టాలి. చాలా డిటెక్టర్లు 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల సంకేతం పంపుతాయి. 4 అంటే సున్నా, 20 అంటే పూర్తి స్కేలు. 3.6 కంటే తగ్గినా, 21 దాటినా సాధారణంగా దోషమనే అర్థం. లూప్‌లో మల్టీమీటరు పెట్టి చూసినప్పుడు కరెంటు నిలకడగా 4 ఉండి, ప్యానెల్ మాత్రం అలారం చూపుతుంటే లోపం ప్యానెల్ వైపుది. కరెంటే ఎగిరిపడుతుంటే కేబులు, ఎర్తింగు, జంక్షన్ బాక్సు చూడాలి. వానాకాలంలో గ్లాండు సరిగా బిగించని బాక్సులోకి చెమ్మ చేరుతుంది. మోటారు డ్రైవు పక్కనుంచి లాగిన కేబులు, షీల్డును రెండు చివరలా ఎర్త్ చేయడం, దగ్గర్లో వాకీటాకీ నొక్కడం కూడా పాత అనుమానితులే.

రిలేలో ఎక్కువమందిని తికమక పెట్టేవి ఎన్ఓ (నార్మలీ ఓపెన్), ఎన్‌సీ (నార్మలీ క్లోజ్‌డ్) గుర్తులు. అవి కాయిల్‌లో కరెంటు లేనప్పటి స్థితిని చెబుతాయి. కానీ ఫాల్ట్ రిలే కాయిల్‌లో మామూలు వేళ కరెంటు ఉంటుంది. సరఫరా పోయినా, తీగ తెగినా అది పడిపోయి దోషం చెప్పాలని అలా పెడతారు. కాబట్టి అంతా బాగున్నప్పుడు ఎన్ఓ మూసుకునే ఉంటుంది. ఈ సంగతి తెలియక తీగ కలిపితే సైరన్ రోజంతా మోగుతుంది. దాంతో ఎవరో ఫ్యూజు పీకేస్తారు. అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

వాయువు పోయినా సైరన్ ఆగకపోతే ముందు అలారం లాచింగ్‌లో ఉందేమో చూడాలి. అది దోషం కాదు, రీసెట్ నొక్కేదాకా మోగేలా పెట్టిన అమరిక. రీసెట్ నొక్కినా ఆగకుంటే కాంటాక్టు అతుక్కుపోయి ఉండవచ్చు. సరఫరా ఆపి, లోడు తీగ విప్పి కొలిచినప్పుడు, కాయిల్‌కు కరెంటు లేకున్నా కామన్‌కూ ఎన్ఓకూ మధ్య కంటిన్యుటీ వస్తే అతుక్కున్నట్టే. సైరన్ మోటారు, సోలెనాయిడ్ వాల్వు వంటివి ఆగేటప్పుడు వచ్చే స్పార్కు దీనికి మూలం. కాంటాక్టును గరుకు కాగితంతో రుద్దితే పూత పోతుంది, రిలే మార్చడమే మేలు. డీసీ కాయిల్‌కు అడ్డంగా డయోడు, ఏసీ లోడుకు స్నబ్బరు, పెద్ద లోడుకు మధ్యలో మరో రిలే పెట్టాలి. దీనికి తిరగబడ్డ సమస్య కూడా ఉంది: పీఎల్‌సీ ఇన్‌పుట్‌లా కొద్దిపాటి కరెంటే ప్రవహించే చోట కాంటాక్టు మీది పొర కరిగిపోదు, చూడటానికి మూసుకున్నా సంకేతం దాటదు. అలాంటిచోట బంగారు పూత కాంటాక్టులు వాడతారు.

మోగని సైరన్‌కు మరో కారణం విషమెక్కిన సెన్సర్. మండే వాయువులను కొలిచే కేటలిటిక్ బీడ్‌ను సిలికోన్ సీలెంటు ఆవిర్లు పాడుచేస్తాయి. అప్పుడు ప్యానెల్ ప్రశాంతంగా సున్నా చూపిస్తుంది, ఫాల్ట్ రిలే కదలదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది మరణించారు. ఆ ఏడాది జులైలో నివేదిక ఇచ్చిన ఉన్నతస్థాయి కమిటీ, గేటు సహా పలుచోట్ల మీటలున్నా సైరన్ మోగలేదని తేల్చింది. అక్కడ తప్పు రిలేది కాదు, మీట నొక్కే మనుషులది, వారికిచ్చిన శిక్షణది.

అందువల్ల తనిఖీ ప్యానెల్ దీపం వెలగడంతో ముగించకూడదు. డిటెక్టర్ మూతికి పరీక్ష వాయువు పట్టి, సైరన్ మోగి, ఫ్యాన్ తిరిగి, వాల్వు మూసుకునేదాకా చూడాలి. మరమ్మతు కోసం అలారాన్ని ఇన్‌హిబిట్ చేస్తే ఎవరు, ఎన్నింటికి, ఎందుకు పెట్టారో రిజిస్టరులో రాసి, షిఫ్టు మారేటప్పుడు వచ్చేవారి సంతకం తీసుకోవాలి.