లెక్కకు అందని లోతు

1913లో కార్పథోస్ ద్వీపం దగ్గర ఇటలీ యుద్ధనౌక రెజీనా మార్గరీటా లంగరు తెగి సముద్రంలో పడింది. స్పాంజీలు ఏరి బతికే గ్రీకు గజ ఈతగాడు హాజీ స్టాటీ, 70 మీటర్లకు పైబడిన లోతుకు ఊపిరి బిగబట్టి దిగి దాని జాడ తీశాడు. అతన్ని పరీక్షించిన నౌకాదళ వైద్యులకు కనిపించింది మాత్రం జబ్బు ఊపిరితిత్తుల బక్కమనిషి. ఒడ్డున అతడు నిమిషం కూడా ఊపిరి నిలపలేకపోయాడు.

వైద్యుల సందేహానికి ఆధారం లేకపోలేదు. ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. ఛాతీలో గాలి ఆ మేరకు కుంచించుకుపోతుంది. పూర్తిగా నిశ్వసించాక మిగిలే గాలి పరిమాణం కంటే అది తగ్గితే ఛాతీ నలిగిపోతుందని అంచనా.

ఆ అంచనాను 1968లో రాబర్ట్ క్రాఫ్ట్ సవాలు చేశాడు. జలాంతర్గామి నుంచి తప్పించుకోవడం నావికులకు నేర్పే 118 అడుగుల నీటి స్తంభంలో అతడు శిక్షకుడు. గుక్కలు గుక్కలుగా అదనపు గాలి నింపుకోవడం సాధన చేశాడు. లెక్క ప్రకారం అతని హద్దు సుమారు 60 మీటర్లు, దిగినది 73. కార్ల్ షేఫర్ బృందం అతని ఛాతీ విద్యుత్ నిరోధాన్ని నీటి అడుగునే కొలిచి, కాళ్లూచేతుల నుంచి దాదాపు లీటరు రక్తం ఛాతీలోకి చేరుతోందని తేల్చింది. ద్రవం కుంచించుకుపోదు కనుక గాలి వదిలిన చోటును రక్తం ఆక్రమిస్తోంది.

అయితే సాధనకు లొంగనిదొకటుంది. మునిగేముందు వేగంగా శ్వాసిస్తే కార్బన్ డయాక్సైడ్ తగ్గి, ఊపిరాడని బాధ ఆలస్యమవుతుంది. ఆ హెచ్చరిక రాకముందే స్పృహ పోవచ్చు. ఈతకొలనుల్లో ఆరితేరినవారు సైతం మునిగిపోయేది ఇందుకే.